అత్తమ్మ నల్లకాయలు

ఆదివారం పొద్దున్నే చెంగిచెర్ల నుంచి లక్ష్మీనర్సమ్మ ఫోన్ చేసింది. "ఇయ్యాల పగటీలి వస్త శారదా. మా అమ్మ నల్లకాయలు తీసి పెట్టు, తీస్కపోత" అని, అవతలి జవాబు వినకుండానే పెట్టేసింది.

లక్ష్మీనర్సమ్మ శారదమ్మకు ఆడబిడ్డ, పోయిన భర్తకు స్వంత అక్క. నల్లకాయలంటే, గవ్వలు వేసి ఆడే పచ్చీసు ఆటలో జరిపే గాజు కాయల్లో నల్లవి. ఆ కాయలన్నీ శారదమ్మ అత్తగారి కాలం నాటివి. పచ్చవి, పసుపువి, నీలివి, నల్లవి, రంగుకు నాలుగు. ఉప్పల్ పాత ఊళ్ళో ఉన్నప్పుడు అరుగు బండ మీద గీతలు గీసి ఆడేవాళ్ళు. నాచారం ఫ్లాటుకు వచ్చాక గుడ్డ పరిచి ఆడేవాళ్ళు. కొడుకు పెళ్ళి నాటికి ఆ ఆట ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఎవరి రంగు వాళ్ళకుండేది. నల్లవి అత్తగారివి. చేతులు వణకడం మొదలయ్యాక ఆవిడ ఒకరోజు ఆ నాలుగు కాయలూ శారదమ్మ ఒళ్ళో పోసి, "నల్లయి ఇంటి కోడలికే" అంది. పక్కనే కూర్చున్న కూతురు అప్పుడేమీ అనలేదు. ఇన్నేళ్ళకు ఇప్పుడు అడుగుతోంది.

ఇవ్వాలని శారదమ్మకు లేదు. ఎప్పటికైనా తన కోడలు పద్మశ్రీ ఒళ్ళో పోయాలని మనసులో అనుకునేది. కానీ కన్నకూతురు అడిగితే కాదనడమెట్లా? నిట్టూర్చి బీరువాలోంచి స్టీలు డబ్బా తీసింది. డబ్బాలో గవ్వలు, మడతపెట్టిన గుడ్డ ఉన్నాయి. కాయలు లేవు.

"పద్మా, ఇండ్ల కాయలేవి?"

వంటింట్లోంచి పద్మశ్రీ తల బయటికి పెట్టింది. "గవా అత్తమ్మా? మనీప్లాంట్ గిన్నెల వేసిన. నేను తెచ్చిన రాళ్ళు మిగిలితే మీరు అండ్ల దాచిన్రనుకున్న."

టీవీ పక్కన పెద్ద గాజు గిన్నె ఉంది. మొక్క నిలబడటానికి పద్మశ్రీ ఉప్పల్ అంగట్లో రంగురంగుల గాజు రాళ్ళు పాకెట్లు పాకెట్లుగా కొని అడుగున పోసింది. అవీ పైన గుండ్రంగా, కింద చదునుగా ఉంటాయి. అచ్చం పచ్చీసు కాయల్లాగే.

"మంచిగ కలిపినవ్ బిడ్డా. ఇగ పప్పుల రాళ్ళేరినట్టు ఏరుదాం పా."

ఇద్దరూ నీళ్ళు వంపేసి, రాళ్ళన్నీ తువాలు మీద పోసి బాల్కనీలో కూర్చున్నారు. పచ్చవి, పసుపువి, నీలివి చూపుకే దొరికాయి. కొన్నవాటి రంగు మిఠాయి రంగులా మెరుస్తోంది. పాతవాటిది కొంచెం మాసిన రంగు, లోపల సన్నటి గాలి బుడగలున్నాయి. నల్లవే చిక్కు పెట్టాయి. మెరుపులో కొంచెం తేడా తప్ప అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"మెరవనియ్యి పక్కకు పెడదామా?" అంది పద్మశ్రీ.

"తడిల అన్నీ మెరుస్తయి. బొర్లేసి గోరుతోటి గీకి సూడు."

పద్మశ్రీ గీకింది. ఒకదాని కింద గోరు జారిపోయింది. ఇంకోదాని కింద గరగరమంది. కరిగిన గాజును బూడిద చల్లిన బండ మీద చుక్కగా వేసి చేసేవారట, అందుకే కింద సన్నటి గుంటలు. వాటి మీద అరుగు బండ మీద ఏళ్ళ తరబడి జరిపిన గీరలు. గరుకుగా ఉన్నదాన్ని ఎండకు పట్టి చూస్తే అంచు దగ్గర నలుపు కాదు, నేరేడు రంగు.

"నల్లయి అసలు నల్లగనే లేవు గదా అత్తమ్మా."

"నేనూ ఇయ్యాలనే సూస్తున్న" అంది శారదమ్మ.

నాలుగూ దొరికాయి. తక్కిన పాత కాయలతో కలిపి ఒక పళ్ళెంలో వేశారు. కొన్న నల్లరాళ్ళు ఇంకో పళ్ళెంలో ఉండగానే బెల్లు మోగింది. లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చిన లక్ష్మీనర్సమ్మ ఆయాసపడుతూ సోఫాలో కూలబడింది.

"మీ అపార్టుమెంటోళ్ళకు ముసలోళ్ళ మీద ఏమన్న పగా? జర నీళ్ళియ్యి పద్మా."

నీళ్ళు తాగి, బాల్కనీ గుమ్మం దగ్గరున్న పళ్ళేలు చూసింది. వంగి, కొన్న రాళ్ళ పళ్ళెంలోంచి నిగనిగలాడే నాలుగు నల్లవి ఏరుకుంది. కళ్ళకద్దుకుంది. "సూడు, ఎట్ల మెరుస్తున్నయో. మా అమ్మ చేతి నునుపు" అంటూ కొంగున ముడివేసుకుంది.

పద్మశ్రీ నోరు తెరవబోయి అత్త వైపు చూసింది. శారదమ్మ చూపు తిప్పుకుని, "చాయ్ పెట్టుపో" అంది.

చాయ్ తాగినంతసేపూ లక్ష్మీనర్సమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి, చెంగిచెర్లలో తమ గల్లీకి ఇంకా రాని నీళ్ళ పైపు గురించి చెప్పింది. శారదమ్మ ఊఁ కొడుతూనే ఉంది. తాను దాచలేదు, అబద్ధమాడలేదు. ఆవిడే ఏరుకుంది, ఆవిడే మురిసిపోతోంది. ఊరుకుంటే అసలువి ఇంట్లోనే ఉంటాయి. ఇద్దరికీ సంతోషమే. అయినా శారదమ్మ చూపు ఆవిడ కొంగు ముడి మీదికే పోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ మాటిమాటికీ ఆ ముడిని తడుముకుంటోంది.

"పోతనే ఇగ. పెండ్లయినంక అమ్మ సొమ్మేది అడగలే నేను. ఇది ఒక్కటే" అంటూ లేచి చెప్పులేసుకుంది.

"వదినా, ఆగు" అంది శారదమ్మ. "అవి అంగట్ల రాళ్ళు. అత్తమ్మవి ఇవీ." పళ్ళెంలోంచి నాలుగు గరుకు కాయలు తీసి చేతిలో పెట్టింది.

లక్ష్మీనర్సమ్మ వాటిని చూసింది. శారదమ్మను చూసింది. "గీతలు వడ్డయి నాకు, మంచియి నీకా? కొంగున కట్టుకున్నంక యాదికొచ్చిందా?"

"నీ తోడు వదినా, గవే."

"పద్మా, మీ అత్త నిజం చెప్తున్నదా?"

"నిజమే నర్సమ్మత్తా. నేనే కలిపిన. కింద గోరుతోటి గీకి సూడున్రి. ఎండకు పట్టి సూడున్రి."

"నా కండ్లకు ఎండైనా నీడైనా ఒక్కటే" అని లక్ష్మీనర్సమ్మ మళ్ళీ కూర్చుంది. కొంగు విప్పి, మెరిసే రాయిని రెండు వేళ్ళ మధ్య పట్టి, పళ్ళెంలోని పసుపు కాయ నెత్తిన కొట్టింది. పచ్చీసులో ఎదుటివాళ్ళ కాయను చంపినప్పుడు అట్లా కొట్టి పక్కకు నెట్టడం వాళ్ళింటి పద్ధతి. రాయి టింగుమంది. తరువాత గరుకు కాయతో కొట్టింది. టక్కుమని మొద్దుగా మోగింది. ఇంకోసారి కొట్టింది. మూడోసారి కొట్టకుండా కాయను అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"అమ్మ నా కాయలన్నీ ఇట్లనే చంపేది" అంది నెమ్మదిగా. "బిడ్డనని కూడ సూడకపోతుండె."

ఆవిడ నాలుగు గరుకు కాయలూ ముడివేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోతుండె గదా."

"తెల్వకపోతుండె."

"మరెందుకు చెప్పినవ్?"

"మళ్ళ ఎప్పుడాడినా నాకు తెలుస్తది గద వదినా."

లక్ష్మీనర్సమ్మ శారదమ్మ భుజం తట్టింది. తరువాత పద్మశ్రీ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఆటో ఎక్కించి పద్మశ్రీ తిరిగి వచ్చేసరికి శారదమ్మ నేల మీద గుడ్డ పరిచి కూర్చుని ఉంది. నల్లకాయల చోట నాలుగు కొన్న రాళ్ళు పెట్టింది.

"కూసో. ఇవి నీయి."

పద్మశ్రీ గవ్వలు వేసి ఒక రాయిని ముందుకు జరిపింది. నున్నటి రాయి ఆగవలసిన గడిలో ఆగక పక్క గడిలోకి జారిపోయింది.

"ఇది నా మాట వింటలేదు అత్తమ్మా."

"కొత్తది గదా" అంది శారదమ్మ, తన వంతుకు గవ్వలు చేతిలోకి తీసుకుంటూ.