మూడు రోజుల నీళ్లు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వచ్చే బస్సులో రామేశ్వరమ్మ దారి పొడుగునా ఇత్తడి చెంబు ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెంబు మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ కింద ఏదో మెల్లగా తిరుగుతున్న అలికిడి పక్కన కూర్చున్న గురుస్వామికి వినిపించింది. వినిపించిందో, ఊహించుకున్నాడో. అహోబిలంలో స్వామి ఎదుట ఆమె మెడలో తాళి కట్టి అప్పటికి రెండు రోజులు. ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు పది దాటలేదు. కాళ్ల దగ్గర మూత బిగించిన బిందె ఉంది. దాని నిండా ఆమె పుట్టింటి బావి నీళ్లు.

చెంబులో ఉన్నది చేపపిల్ల. బస్సెక్కేముందు ఆమె తండ్రి రంగయ్య ఆ సంగతి చెప్పాడు.

“మా తాత కాలంలో పగోళ్లు బాయిలో ఇసం కలిపినారు అల్లుడా. ఒక్క దినమే నాలుగు పానాలు పోయినాయి. అప్పట్నుంచి చేప లేని నీళ్లు మా ఇంట్లో ఎవరూ ముట్టరు. ఆడపిల్ల యాడికి పోయినా మా బాయి చేప ఆడ మూడు దినాలు బతకల్ల. బతికితే ఆ నీళ్లు తాగుతాది.”

“బతక్కపోతే?”

“బిందె అయిపోయినంక ఎనిక్కి బస్సెక్కుతాది. మా చెల్లెలు అట్లనే వచ్చె. ఇంగ పోలేదు.”

రంగయ్య నవ్వుతూనే చెప్పాడు కానీ నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది. తన ఇంట్లో బావి లేదని గురుస్వామి అప్పుడే చెప్పి ఉండవలసింది. నలభై ఆరేళ్లవాడు, కాలువల ఆఫీసులో గుమాస్తా, చెప్పవలసిన మాట ఎప్పుడూ ఒక ఊరు దాటాక గుర్తొచ్చే మనిషి. ఈసారి గోస్పాడు చేలు కనిపించాక గుర్తొచ్చింది.

“కాలవల ఆఫీసులో పనంటే ఇంటెనక బాయి లేకుండా ఉంటాదా అనుకుంటి,” అంది రామేశ్వరమ్మ, పెరడంతా తిరిగి వచ్చి.

“కొళాయిలొచ్చినాక పూడ్చేసినారు.”

“మరి దీన్ని యాడ ఇడవల్ల?”

అతను జవాబు చెప్పకముందే ఆమె ముందుగదిలో కిటికీ పక్కన ఉన్న అద్దాల తొట్టిని చూసింది. ఇనుప చట్రంలో బిగించిన రెండు మూరల తొట్టి. అందులో అరచేతి పొడవు బంగారు చేప ఒకటి, ఎవరినో వెతుకుతూ అలసిపోయి మరిచిపోయినట్టు, నిలుచున్నచోటే రెక్కలాడిస్తోంది. సాయంత్రపు ఎండ నీళ్లలోంచి వెళ్లి పైకప్పు మీద వణుకుతోంది. ఆమె చాలాసేపు పైకప్పు వైపే చూసింది.

“ఈ ఇంట్లో బతికిన నీళ్లు ఇయ్యేనా?”

ఇవే. కర్నూలు రాజధాని అయిన కొత్తలో మద్రాసు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు, అక్కడ తనకిచ్చిన గుడారంలో పెట్టుకునే వీల్లేక, ఆ తొట్టిని గురుస్వామికి ఇచ్చాడు. అప్పుడు ఆరు చేపలుండేవి. గురుస్వామి మొదటి భార్య భారతమ్మ వాటిని సాకింది. కొళాయి నీళ్లు ఒక రోజు ఎండలో పెట్టి, మరునాడు తొట్టిలో పోయాలని కనిపెట్టింది ఆమే. రెండేళ్ల కిందట ఆమె పోయింది. ఆరింట్లో మిగిలింది ఒకటి.

ఆ వేసవి మధ్యాహ్నం, మంచం పట్టి ఉన్న భారతమ్మ లోపలి గదిలోంచి నీళ్లు అడిగింది. గురుస్వామి తొట్టి ముందు కూర్చుని ఉన్నాడు. చేపలు వెలుగులోకి వస్తున్నాయి, నీడలోకి పోతున్నాయి. “వస్తాండా,” అన్నాడు. ఆ మాటకూ, లోటాతో అతను లోపలికి వెళ్లడానికీ మధ్య ఎంతసేపు గడిచిందో అతనికి ఇప్పటికీ తెలియదు. వెళ్లేసరికి ఆమెకు నీళ్లతో పని లేదు. భార్య గుర్తుగా చేపను ప్రాణంలా చూసుకుంటున్నాడని వీధిలో అందరూ అనేవాళ్లు. అతనూ అలాగే అనుకునేవాడు. అయినా తెల్లవారుజామున మేత వేస్తున్నప్పుడు ఎప్పుడైనా ఆ గుండ్రటి కన్ను తన వైపు తిరిగితే, అది గుర్తు కాదు, సాక్షి అని తోచేది.

మరునాడు ఉదయం గురుస్వామి చెంబు పట్టుకుని కాలువ తూము దగ్గరికి వెళ్లాడు. తూము తలుపులెత్తే లస్కరు ఏసయ్యకు నీళ్లలో ఉండేవన్నీ తెలుసు. ఏసయ్య గుడ్డ విప్పి చూశాడు. రెండంగుళాల ఎర్రటి పిల్ల, పక్కన నల్లచార.

“ఇదీ బంగారు చేప జాతేనా ఏసయ్యా? ఎర్రగా ఉంది.”

“కొర్రమీను పిల్లప్పా. చిన్నప్పుడు అట్లనే ఎర్రగా ఉంటాది. అది చూసి మోసపోవద్దు.”

“మా తొట్టిలో ఇడిస్తే రెండూ కలిసి ఉంటాయా?”

“రెండో పెండ్లి చేసుకున్నోనివి, నన్నడుగుతాండావా?” ఏసయ్య పకపకా నవ్వి, గురుస్వామి ముఖం చూసి ఆపాడు. “జాతి కాదప్పా చూడాల్సింది, నోరు. నోట్లో పట్టేదాన్ని ఏ చేపైనా మింగుతాది. పట్టకపోతే పక్కనే తిరుగుతాది. ఇప్పుడు నీ చేప నోట్లో ఇది పట్టదు, దీని నోట్లో నీ చేప పట్టదు. ఆర్నెల్లకు ఇది పెద్దదైతాది. అప్పుడు తెచ్చి ఈ కాలవలో ఇడుచు.”

“కరవదా?”

“కరిస్తే కరవొచ్చు. కొర్రమీను మనసు నాకేం తెల్సు?”

ఆ ఒక్క మాటే గురుస్వామి ఇంటికి మోసుకొచ్చాడు. గోడ మీది భారతమ్మ పటం దించి, వెనక మేకులు ఊడదీసి, అద్దం బయటికి లాగి, పటాన్ని అలాగే మళ్లీ గోడకు తగిలించాడు. అద్దం తొట్టి అడ్డానికి కొలిచి కోసినట్టు సరిపోయింది. రెండు పక్కలా సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చి బిగించాడు. అడుగున వేలెడు సందు వదిలి, అక్కడ చిన్న రాళ్లు పేర్చాడు. రామేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“గోడ కడ్తాండారా?”

“నీళ్లు మాత్రం ఒకటే. కింద సందుంది.”

“అట్లయితే సరే,” అని చెంబు వంచింది.

మొదటి రోజు కొర్రమీను పిల్ల మూలలో నక్కింది. రెండో రోజు అద్దం దగ్గరికి వచ్చింది. ఇటు నుంచి బంగారు చేప కూడా వచ్చింది. రెండూ ముట్టెకు ముట్టె ఆనించి, ఏ మాటా తోచని చుట్టాల్లా, గంటలకొద్దీ నిలబడ్డాయి. అది చూస్తుంటే గురుస్వామికి తానే నీటి అడుగున ఉన్నట్టూ, ఇల్లంతా మెత్తగా ఊగుతున్నట్టూ ఉండేది. వంటింట్లో రామేశ్వరమ్మ నడిస్తే ఆ అడుగులు చాలా దూరం నుంచి, పై నుంచి వినిపించేవి. ఆమె అతనికి కొళాయి నీళ్లతో వండి పెట్టి, తన పిడికెడు బియ్యం బిందె నీళ్లతో విడిగా వండుకునేది. ఎండ మండిపోతోంది. బిందె వంచినప్పుడల్లా చప్పుడు మారుతూ వచ్చింది. అతను ఆ చప్పుడు వింటూ చేపను చూశాడు, చేపను చూస్తూ ఆ చప్పుడు విన్నాడు. ఆమె ఉండిపోవడం, బస్సెక్కి వెళ్లిపోవడం, రెండింట్లో తనకు ఏది కావాలో ఎవరైనా అడిగితే తడబడేవాడు.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం తొట్టి ముందే కునుకు పట్టింది. కలలో నీళ్లు నడుము దాకా ఉన్నాయి. లోటా ముంచుతాడు, పైకెత్తితే ఖాళీ. ఎక్కడో లోపలి గదిలో భారతమ్మ కోపం లేకుండా, తొందర లేకుండా నీళ్లడుగుతూనే ఉంది.

టప్పుమని చప్పుడైంది. ముఖం మీద నీటి చుక్కలు పడ్డాయి. కళ్లు తెరిచేసరికి అద్దానికి అవతలి గది ఖాళీ. కొర్రమీను గోడ దూకింది.

అతని చెయ్యి తొట్టి అంచు మీదికి పోయి అక్కడే ఆగింది. ఎర్రటి పిల్ల గాలి కోసం పైకి వచ్చి, ఒక్క గుటక మింగి, కిందికి దిగింది. బంగారు చేప దాని వెనకే పైకి వచ్చి, తనకు అక్కర్లేకపోయినా, నోరు తెరిచి మూసింది. రెండూ కలిసి వెలుగులోకి వెళ్లాయి. అలవాటుగా ఆ కన్ను కోసం వెతికాడు. కన్ను అతని వైపు లేదు.

గుమ్మంలో రామేశ్వరమ్మ నిలబడి ఉంది. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. చంకలో బిందె బోర్లా ఉంది.

“ఏది సచ్చె?” అంది.

“ఏదీ సావలా.”

ఆమె వంగి చూసింది. పైకప్పు మీద వెలుగు వణికి, కుదురుకుంది.

“పొద్దు గుంకితే మూడు దినాలు,” అంది. ఆ తర్వాత, అడగడం కొత్త అయినట్టు, మెల్లగా, “నాకు తాగను నీళ్లియ్యండి,” అంది.

ఇంకా పొద్దు గుంకలేదని అతను అనలేదు. “వస్తాండా” అని కూడా అనలేదు. కుండ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు, సగం నీళ్లు చేతి మీద ఒలికించుకుంటూ వచ్చాడు. ఆమె లోటా ఎత్తి, చివరి గుటక దాకా ఆగకుండా తాగింది. అతను ఆమె గొంతు కదలడం చూస్తూ అక్కడే నిలబడ్డాడు. ఖాళీ లోటా తన చేతికి వచ్చాక గానీ కదల్లేదు.

“ఇంగ ఆ అద్దం తీసేయండి,” అంది ఆమె, కొంగుతో మూతి తుడుచుకుంటూ. “అక్క మొగాన దుమ్ము పడతాంది.”