సాయంత్రం దాటిన గోడ

నేను ఒక ఇటుకను. ఈ మాట వినగానే మీరు నన్ను ఏ మేడలోనో, బడి గోడలోనో, కనీసం ఎవరి పెరటి ప్రహరీలోనో ఊహించుకుంటారు. నా బతుకు అలా సాగలేదు. నాగావళి ఒడ్డున ఒకే బట్టీలో నాతోపాటు కాలిన వాళ్ళంతా లారీలెక్కి వెళ్ళి ఇళ్ళయిపోయారు. నేను మాత్రం ఒక చిన్న ఊరి శివార్లలో, తాపీపని నేర్పే శిక్షణ కేంద్రం ఆవరణలో దిగాను. పొద్దున గోడనవుతాను, సాయంత్రానికి మళ్ళీ ఇటుకనవుతాను. చాలాకాలం అదే నా ఉద్యోగం.

పుట్టుక సంగతి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. బంకమట్టిని కాళ్ళతో తొక్కి, చెక్క అచ్చులో అదిమి, ఎండబెట్టి, ఊకతో కాల్చారు. ఒక పక్క సెగ ఎక్కువ తగిలి నా మూల నల్లబడింది. ఇలాంటి వాటిని వేరుగా పోగేస్తే శిక్షణ కేంద్రంవాళ్ళు చవగ్గా కొన్నారు. నేర్చుకునేవాళ్ళకి ఇవి చాలులే అనుకున్నారట. నేర్చుకునేవాళ్ళకే మంచి సరుకు కావాలని నా అభిప్రాయం. కాని ఇటుక అభిప్రాయం ఎవరికి కావాలి?

ఇక్కడ గోడలకు సిమెంటు వాడరు. ఎర్రమట్టిలో కాస్త సున్నం కలిపి మాలు చేస్తారు. మాలంటే మా ఇటుకల మధ్య పెట్టే ముద్ద. మట్టి మాలైతే గోడను మళ్ళీ విప్పుకోవచ్చు. పిల్లలు గోడ కడతారు, దాలినాయుడు మాస్టారు వచ్చి గోడ నిలువుగా ఉందో లేదో దారానికి తూకం గుండు వేలాడదీసి చూస్తారు, తిట్టవలసినంతా తిడతారు. ఆ తర్వాత ఎవరు కట్టింది వాళ్ళే విప్పి, మమ్మల్ని గీకి, కడిగి, దొంతి పేర్చాలి. పేరిస్తేనే ఆ పూట భత్యం. ఈ మనుషులు కట్టడం నేర్పడానికి ఎంత పడగొట్టిస్తారో చూస్తే నాకు భలే వింతగా ఉండేది.

వచ్చేవాళ్ళంతా బడి వదిలిన పిల్లలు. కొందరు పది పాసైనవాళ్ళు, కొందరు ఇంటర్ మధ్యలో మానేసినవాళ్ళు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా దొంతి మీదే కూర్చుంటారు కనుక వాళ్ళ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. సైటులో మగకూలీకి ఏడొందలు. శిక్షణ పూర్తిచేసి కంట్రాక్టరు కంట్లో పడితే మొదటి రోజునుంచే సగం మేస్త్రీ కూలీ, ఎనిమిదొందలు. చెయ్యి తిరిగాక పూర్తి మేస్త్రీ. ఆడకూలీకి అయిదొందలు. మగపిల్లల లెక్కకి మెట్లుండేవి గాని ఆడకూలీ లెక్కకి మెట్లు లేవు. మొదటి రోజూ అంతే, నడుం వంగిపోయిన రోజూ అంతే. ఎందుకలాగో ఆ పిల్లల్లో ఒక్కరూ అడగలేదు. నాకు మాత్రం అడగాలని నాలుక దురద పెట్టేది. నాలుకంటూ ఉంటే కదా!

ఇంకా చాలా సంగతులు తెలుసుకోవాలని ఉండేది. రాత్రిపూట గోడగా ఉంటే ఎలా ఉంటుంది? వాన పడితే పైవరస ముందు తడుస్తుందా, కిందవరసా? లోపల మనుషులు పోట్లాడుకుంటుంటే గోడ ఎవరి పక్షం? ఛాతీ ఎత్తు దాటి నేనెప్పుడూ పైకి పోలేదు కనుక ఇవేవీ తెలియలేదు.

అలాంటి రోజుల్లో నూకరత్నం వచ్చింది. పది పాసైన పిల్ల. ఆ కేంద్రంలో చేరిన మొదటి ఆడపిల్ల. అక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కూడా లేదు. సిమెంటు బస్తాలు తెచ్చి, పునాది తీసి, గోడలు ఎప్పుడో లేపుదామని వదిలేశారు. పాపం ఆ పిల్ల రోడ్డుకి అవతలి ఇంటివాళ్ళని బతిమాలుకుని వెళ్ళొచ్చేది. "తట్టలు మొయ్యడానికి కూడా టైనింగేటి?" అని కుర్రాళ్ళు నవ్వారు. ఆమె కట్టిన మొదటి గోడ మాస్టారు రాకముందే తనంతట తానే ఒరిగి పడింది. "విప్పే పని తప్పింది గదా, అదే లాభం," అన్నారు మాస్టారు. ఆమె కూడా నవ్వేసి మమ్మల్ని ఏరుకుంది.

నేను ఎన్నో చేతుల్లో పడ్డాను గాని ఆ పిల్లలా నన్ను తిప్పి చూసినవాళ్ళు లేరు. నల్లబడిన నా మూలని లోపలికి తిప్పేది. అతుకు మీద అతుకు రాకుండా ఎక్కడ సగం ముక్క వెయ్యాలో ముందే చూసుకునేది. నెల గడిచేసరికి మాస్టారికి ఆమె గోడ దగ్గర తిట్టడానికి మాటలు దొరకడం మానేశాయి. గేదెల భాస్కర్ అనే కుర్రాడు వరస సమంగా ఉందో లేదో చూసుకునే ఆమె రసమట్టాన్ని రోజూ అడిగి పట్టుకుపోయేవాడు, ఆమె కేరేజీలో చేపల పులుసు కూడా.

ఆమె తల్లి అప్పాయమ్మ విశాఖపట్నం సైట్లలో ఇరవయ్యేళ్ళకి పైగా ఇటుకలు మోస్తోంది. కూతురు ఆ తట్ట కిందికి రాకూడదని ఆవిడ కోరిక. నూకరత్నానికీ అదే పంతం. సగం మేస్త్రీగా తీసుకుంటే సరేసరి, లేకపోతే అమ్మ పక్కన తట్ట పట్టుకోవడమే.

శిక్షణ ముగిసిన రోజు కంట్రాక్టరు చిన్నారావు వచ్చాడు. వరసగా గోడలన్నిటికీ గుండు వేసి చూశాడు. భాస్కర్‌ని తీసుకున్నాడు, ఇంకో నలుగుర్ని తీసుకున్నాడు. నూకరత్నం గోడ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. నేను ఆ గోడలోనే ఉన్నాను కనుక అతని మొహం బాగా కనబడింది. తప్పు దొరకలేదు.

"పని బాగున్నాది మాస్టారూ. ఆడకూలీల్లో ఏసుకుంటాను," అన్నాడు.

"అదేటి బావూ! మేస్త్రీ పని నేర్సిన పిల్లని తట్ట మొయ్యమంటావేటి?" అన్నారు దాలినాయుడు మాస్టారు.

"నానొద్దంటన్నానా? మేస్త్రీ అన్నాక కింద ఒక మనిసుండాల. మాలు కలపాల, ఇటికందించాల. ఆడపిల్లకి ఏ మగోడందిస్తాడు? ఆడోళ్ళయితే మరీ నవ్విపోతారు. అందించే మనిసి నేకపోతే నాను మేస్త్రీ కూలి ఏటికిచ్చుకోవాల?"

అతను చెడ్డవాడేం కాదు. సైటులో చూసిందే చెప్పాడు.

"మనిసి దొరికితే ఇస్తారా?" అంది నూకరత్నం.

చిన్నారావు చుట్టూ చూసి మరుగుదొడ్డి పునాది చూపించాడు. "నిజం సిమెంటుతోటి దానిమీద ఒక గోడ లేపు. మనిసిని నువ్వే సూసుకో. సూద్దాం."

కొత్త ఇటుకలు ఇంకా రాలేదు కనుక ఆమె గోడ విప్పి, దొంతిలో ఉన్నవాళ్ళతోపాటు మమ్మల్నీ వాడమన్నారు మాస్టారు. సిమెంటు గోడని ఇక ఎవరూ విప్పరు! నూకరత్నం కుర్రాళ్ళవైపు తిరిగింది. అందరూ ఆమె కేరేజీలో చెయ్యి పెట్టినవాళ్ళే. ఒకడు ఫోను చూసుకున్నాడు. ఇంకొకడికి అప్పుడే దాహం వేసింది. భాస్కర్ తన చెప్పుల్ని తొలిసారి చూస్తున్నట్టు చూశాడు. నాకు కాళ్ళుంటే నేనే నడిచి ఆమె చేతిలోకి వెళ్ళేవాణ్ణి. అంత కోపం వచ్చింది.

ఆ రోజు కూతుర్ని ఇంటికి తీసుకెళ్దామని అప్పాయమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. మాటలన్నీ విన్నట్టుంది. సంచీ కింద పెట్టి, పాత తువ్వాలు మెలిపెట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది.

"ఓలె, సూస్తావేటి? మాలు పల్సగా కావాలా, గట్టిగా కావాలా? సెప్పు," అంది.

నూకరత్నం కళ్ళు తుడుచుకుని, "గట్టిగానే అమ్మా," అంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కూతురి చెయ్యి చాచకముందే తల్లి చేతిలో ఇటుక సిద్ధంగా ఉండేది. ఎన్ని వందల మంది మేస్త్రీలకి అందించిన చెయ్యో అది! నా పక్కవాళ్ళు ఒక్కొక్కరే గోడలోకి వెళ్ళిపోతున్నారు. నేను నీళ్ళ తొట్టిలో నానుతూ నా వంతు కోసం చూస్తున్నాను. గోడ ఛాతీ ఎత్తు దాటింది. పైవరసలకి బల్ల వేసుకున్నారు. ఇంకా ఒక వరస ఉందనగా చిన్నారావు వచ్చి గుండు వేశాడు. దారం గోడని ఒరుసుకుని నిలువుగా దిగింది.

"సరే. సగం మేస్త్రీ కూలి. సోమారం వచ్చీ," అన్నాడు. అప్పాయమ్మ వైపు తిరిగి, "నువ్వూ రా అప్పా. నీకు ఆడకూలి," అన్నాడు.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. సాయం రానివాళ్ళే గట్టిగా కొట్టారు. అప్పాయమ్మ మాత్రం నవ్వలేదు. నెత్తిమీద తట్టతోనే నిలబడి గోడని కింది నుంచి పైదాకా చూసింది.

"మాస్టారూ, దీనికి ఎన్నాల్లు నేర్పినారు?"

"మూడు నెల్లమ్మా."

"మూడు నెల్లేనా?"

"అంతే."

"ఇరవయ్యేల్లు మోసినాను," అంది అప్పాయమ్మ. "మూడు నెల్లే అని నాకెవులూ సెప్పనేదు."

చప్పట్లు ఆగిపోయాయి. నూకరత్నం బల్ల దిగి వచ్చింది. తల్లి నెత్తిమీది తట్ట దించి, చుట్టకుదురుతో సహా తన నెత్తిన పెట్టుకుంది. మాలు వేసే తాపీని తల్లి చేతిలో పెట్టింది.

అప్పాయమ్మ దాన్ని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. బల్ల ఎక్కింది. కూతురు అందించిన మొదటి ఇటుకను నేనే. ఆవిడ మాలు మరీ ఎక్కువ వేసింది, నన్ను పెట్టి రెండుసార్లు తట్టింది, పక్కకి వాలి చూసుకుంది. నేను కాస్త వంకరగానే కూర్చున్నాను. చిన్నారావు దగ్గరికి రాబోయి ఆగాడు. నూకరత్నం నన్ను సరిచేయలేదు. "ఇంకోటి అందీమంటావా మేస్త్రీ?" అని అడిగింది.

సిమెంటు మొదట చల్లగా ఉంది. సాయంత్రమయ్యేసరికి వెచ్చబడి నన్ను పట్టుకుంది. ఎవరూ విప్పడానికి రాలేదు. ఆ రాత్రి వాన పడింది. పైవరసే ముందు తడుస్తుంది.