చాలన్నాక ఇంకో చుక్క

ఫోన్‌లో ఫెబా చెప్పింది "డైమండ్ పలక" అని. అవతలింటి కాశీబాయి చెవికి చేరింది "డైమండ్ పతకం" అని. ఆ పిల్ల ఎక్కిన హైదరాబాద్ బస్సు బీదర్ చేరేలోపే మంగల్‌పేటలో మా సందంతా సందడి. హైదరాబాద్‌లో రాళ్ల గుట్టలే అద్దాల మేడలవుతున్న రోజులవి. పెద్ద హోటల్ వంటగదిలో పనిచేసే పిల్ల మెడకు వజ్రం రావడం ఎవరికీ వింతనిపించలేదు.

ఫెబా తండ్రి జీవరాజ్ మా పక్కింటివాడు. చర్చి పెళ్లిళ్లకు మాంసం కోసి వండేవాడు. భార్య ప్రేమమ్మ పోయి మర్నాటికి ఏడాది. ఈ ఏడాదంతా అతను కత్తి ముట్టలేదు. ఎందుకంటే నూరే చెయ్యి అతనిదైనా, ఎదురుగా పీట మీద కూర్చుని సాన మీద నీటి చుక్కలు వదిలే చెయ్యి ఆమెది. అతను "చాలు" అనేవాడు. ఆమె ఇంకో చుక్క వేసేది. ఆ ఇంటి నిఘంటువులో చాలు అంటే ఇంకొకటి అని అర్థం. ఇద్దరూ అలా నూరుతూనే నూరేళ్లుంటారనుకున్నాం.

"రేపు ఆమె జ్ఞాపకార్థ కూడికకు నా చేత్తోనే కోయాలె రాచయ్యా," అన్నాడు నాతో ఆ మధ్యాహ్నం. "కత్తి తెగకపోతే సామానంత ఆ ఇంకో వంటాయన పీరప్పకు ఇచ్చేస్త. వంట ఆయననే చేసుకోనీ. ఇగ నాకు ఈ పని బంద్."

అంతలో ఫెబా వచ్చి సంచిలోంచి అరచెయ్యంత ఇనుప పలక తీసింది. మీద వజ్రపు పొడి అద్దారు.

"పాత సాన పడవ లెక్క అరిగింది గదా నాయినా. మా హోటల్ల దీని మీదనే నూరుతరు. దుకాణపాయన నూనె గీనె అక్కర్లేదన్నడు."

"నీళ్లు గూడ వద్దా?"

"వద్దంట."

జీవరాజ్ ఊపిరి పీల్చుకున్నాడు. రెండో మనిషి అక్కర్లేని సాన. ప్రేమమ్మ పీటను గోడకు ఆనించి, ఒక్కడే కూర్చుని నూరడం మొదలుపెట్టాడు. కాసేపు బాగానే సాగింది. తరవాత నల్లటి రజను పలకంతా పట్టేసింది. కత్తి జారిపోతోంది. అతను ఇంకా గట్టిగా అదిమాడు.

"జీవన్నా, పొడిగ నూరితే పొడే మిగుల్తది," అన్నాను.

"నీ జోకులు నూరుకో పో."

నేను కేకేస్తే కాశీబాయి గోడ మీంచి నువ్వుల నూనె గిన్నె అందించింది, పతకం చూడ్డానికి పనయ్యాక అందరం వస్తామంటూ. నూనె పడగానే రజను కాటుకలా ముద్ద కట్టింది. నూనె ఉంది, నువ్వు లేవు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ వంగిన వీపు ముందు అనాల్సిన మాట కాదది.

"ఇది బేకార్ బిడ్డా. పీరప్పకు కబురు వెట్టు," అన్నాడు జీవరాజ్.

ఫెబా కబురు పెట్టలేదు. పలకను సబ్బు పెట్టి బ్రష్‌తో కడిగింది. గోడకు ఆనించిన పీట తెచ్చి ఎదురుగా వేసుకుని, స్టీలు గ్లాసు వంచింది.

"దుకాణపాయన మాట ఇడిసిపెట్టు. మా హోటల్ వంట ఉస్తాద్ నీళ్లతోనే నూరుతడు. అదమకు నాయినా, ఊరికె ఆనియ్యి."

చుక్క పడింది. ఇంకో చుక్క. నలుపు నీళ్లతో జారిపోయింది. గరగరమన్న చప్పుడు మెత్తబడి సుయ్‌మంది. జీవరాజ్ భుజాలు పాత ఊపులోకి వచ్చాయి. తల వంచే ఉంది.

"చాలు ప్రేమా," అన్నాడు.

ఫెబా ఆపేసింది. పెద్దల మాట వినే పిల్ల.

కత్తి ఆగింది. అతను పలకనే చూస్తూ కూర్చున్నాడు. రావలసిన ఆ ఒక్క చుక్క రాలేదు. అప్పుడు తలెత్తి బిడ్డను చూశాడు.

"ఆపినవా?"

"చాలన్నవ్ గదా నాయినా."

"అవు. అన్న."

అదే సమయానికి కాశీబాయి సందులో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏదమ్మా పతకం? మెడకేసుకోని చూపియ్యి."

జీవరాజే తడి పలక పైకెత్తి అందరికీ చూపించాడు.

"పతకం గాదు కాశీ అక్కా, పలక. నువ్వు ఫోన్ల తప్పిన్నవ్. మెడకు గాదు, కత్తికి. వజ్రం ఉన్నది దీంట్ల, అబద్ధం గాదు. గాని నీళ్లు పోసే మనిషి లేకపోతే తెగదు." పలకను మళ్లీ కింద పెట్టాడు. "రేపు నేనే కోస్త."

రెండో కత్తి అందుకున్నాడు. ఫెబా గ్లాసు వంచింది. ఈసారి అతను చాలు అనలేదు. నీళ్లు పలక నిండి, అతని మోకాళ్లు తడిపి, గుమ్మందాకా పారాయి. గ్లాసు ఖాళీ అయింది. కాశీబాయి లోపలికి వెళ్లి చెంబు తెచ్చింది.