డీకన్ పళ్లెంలో ఆక్టోపస్

రాజధాని నుంచి చర్చి అధికారి డీకన్ పోథోస్ విచారణకు వస్తున్నాడని తెలిసిన పొద్దుటే అనస్తాసో తమ్ముడి బట్టలు మూటగట్టేసింది. తమ్ముడంటే అబిడోస్ రేవు బిషప్ యూడోకిమోస్. పాతకాలపు యవన తత్వవేత్త ఒకడు జంతువుల మీద రాసిన పుస్తకానికి వ్యాఖ్యానం రాస్తున్నాడు. విగ్రహాలకు మొక్కినవాడి మాటలు బిషప్‌కెందుకని ఎవరో రాజధానికి చేరవేశారు. డీకన్ తల అడ్డంగా ఊపితే చాలు, యూడోకిమోస్‌ను ఏ దీవిలోని మఠానికో పంపించేస్తారు. అక్కడికి ఆడవాళ్లను రానివ్వరు. అందుకే మూటలో ఉన్ని మేజోళ్లు రెండు జతలు ఎక్కువే పెట్టింది.

"నోరు మూసుకుని కూర్చో. వ్యాఖ్యానం చెయ్యకు" అని మరీమరీ చెప్పింది.

"నేనెప్పుడు చేశానక్కా?"

"నిన్న నా పప్పు మీద చేశావు."

నలభై దినాల ఉపవాసం నడుస్తోంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ముట్టకూడదు. నెత్తురు లేని సముద్రపు జీవాలకు మాత్రం అడ్డులేదు. శనివారం గనుక ద్రాక్షారసమూ చెల్లుతుంది. కడుపు నిండితే ఏ మనిషైనా మెత్తబడతాడని అనస్తాసో ఆక్టోపస్‌ను ద్రాక్షారసంలో ఉడకబెట్టి వడ్డించింది.

డీకన్ మూడోసారి పెట్టించుకుంటూ పుస్తకం వైపు వేలు చూపించాడు. "ఏలినవారు ఏమీ అనుకోకండి. ఆ యవనుడి మాట ఒక్కటి కూడా క్రైస్తవుడి ఇంట్లో చెల్లకూడదు. పుస్తకం పొయ్యిలోకి, తమరు పడవలోకి."

అనస్తాసో వడ్డిస్తూనే బల్ల కింద తమ్ముడి కాలు తొక్కింది. లాభం లేకపోయింది.

"అయితే ఆ ముక్క కింద పెట్టు నాయనా" అన్నాడు యూడోకిమోస్.

"ఎందుకూ?"

"ఆక్టోపస్‌కు నెత్తురు లేదన్నది ఆయనే. సువార్తల్లో ఎక్కడా లేదు, నేను వెతికాను. ఆయన మాట చెల్లకపోతే నువ్వు తింటున్నది మాంసం. అదీ మూడుసార్లు."

డీకన్ దవడ ఆగిపోయింది. ఉమ్మేస్తే ఉపవాసం చెడిందని ఒప్పుకున్నట్టు, మింగితే యవనుణ్ణి ఒప్పుకున్నట్టు. అనస్తాసో కళ్లకు పడవ, దాని తెరచాప కూడా కనిపించాయి.

డీకన్ కాసేపు ఆలోచించి మింగాడు.

"రొయ్యల సంగతి ఏమన్నాడు?"

"వాటికీ లేదన్నాడు."

"పీతలకు?"

"పీతలకూ అంతే."

"రాజధానిలో మా మతసభ పెద్దలకు పీతలంటే ప్రాణం" అన్నాడు డీకన్ మెల్లగా. "పుస్తకం ఉపవాస నియమాలకు పనికొచ్చేదేనని చెబుతాలెండి. అమ్మా, ఇంకాస్త ఉందా?"

ఉన్నదంతా కుండతో సహా ఇచ్చి అనస్తాసో అతన్ని రేవుదాకా సాగనంపింది. పడవ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది. వెళ్లేది ఎవరైనా ఆమెకు అదే అలవాటు.

ఇంటికొచ్చి మూట విప్పుతూ అడిగింది. "పీతల తర్వాత ఏం రాస్తావురా?"

"చేపలక్కా."

"వాటికి నెత్తురుంటుందిగా. ఈసారి ఆ సాకు చెల్లదు."

"ఉంటుంది" అన్నాడు యూడోకిమోస్ కలం చెక్కుకుంటూ, ఎంతో ఉత్సాహంగా.

అనస్తాసో మూట మళ్లీ కట్టేసింది.