సీతాబాయి అరచేతులు

ముసురు పట్టిందంటే చాలు, పొద్దున్నే సీతాబాయి ఇంటి అరుగు మీద డప్పులు వచ్చి చేరేవి. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. వానకు తోలు మెత్తబడితే డప్పు మూగబోతుంది. గడ్డి మంట వేసి కాచాలి. సీతాబాయికి మంట అక్కర్లేదు. అరచెయ్యి ఆనిస్తే తోలు బిగిసి ఖంగుమనేది. ఆమె చేతులు పుట్టినప్పటి నుంచీ అంతే. ఎత్తుకున్న పిల్లలకు చలి తెలిసేది కాదు. పెరుగు మాత్రం ఆమె ముట్టుకుంటే పుల్లబడేది.

కాగిందో లేదో చూడ్డానికి వేలితో ఒక్క దెబ్బ. ఆమె వంతు అంతవరకే. రెండో దెబ్బ పడితే పెంటయ్య తలెత్తి చూసేవాడు. ఆమె మొగుడతను, డప్పుల మేళానికి పెద్ద.

"ఆడోళ్లు డప్పు కొడితే మంచిది కాదని తెల్వదా?"

తెలుసు. అయినా బియ్యం చెరిగేటప్పుడు ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. పెళ్లి దెబ్బ, బోనాల దెబ్బ, చావు దెబ్బ, అన్నీ చేట మీద వచ్చు. ఒక్కసారి భుజానికి డప్పు తగిలించుకుని, నలుగురిలో నిలబడి కొట్టాలని ఉండేది. ఎవరితో అంటుంది? నవ్వుతారు.

ఆ శ్రావణంలో ఒక కొత్త మేడ ప్రారంభానికి మేళాన్ని పిలిచారు. అద్దాలకు మసి పడుతుంది, మంట పెట్టొద్దని ముందే చెప్పారు. అందుకని సీతాబాయిని కూడా ఆటోలో ఎక్కించుకుపోయి షామియానా వెనక కూర్చోబెట్టారు.

తుంపర మొదలైంది. మగవాళ్లు ఒక్కొక్కరే ఉరికి రావడం, ఆమె చెయ్యి ఆనించడం, వాళ్లు మళ్లీ ఉరకడం. వరసలో నిలబడేలోపే తోలు మళ్లీ సడలిపోయేది. తడి అట్ట మీద కొట్టినట్టు ధబ్ ధబ్ మంటోంది.

ఆఫీసు తరఫున విశ్వేశ్వరరావు గొడుగేసుకుని వచ్చాడు. "ఏంటండీ పెంటయ్యగారూ, మోగట్లేదు? పెద్దవాళ్ల కార్లు వచ్చేస్తున్నాయండీ!"

పెంటయ్య తన తమ్ముడు ఐలయ్య ముఖం చూశాడు. ఐలయ్యకు నవ్వొచ్చింది. "వదినా, ఊకె ఎందుకు పరేషాన్? డప్పు నువ్వే ఏసుకొని మా నడుమ నిలబడు. నడిచే పొయ్యి లెక్కుంటవ్!"

అందరూ నవ్వారు. సీతాబాయి నవ్వలేదు. చేతిలో ఉన్న పెంటయ్య డప్పును అలాగే ఎడమ భుజానికి తగిలించుకుని, ఐలయ్య చేతిలోంచి పుల్లలు తీసుకుని, కొంగు బిగించి నడుచుకుంటూ వానలోకి పోయింది.

"ఏయ్, ఏందే గిది?" అన్నాడు పెంటయ్య.

ఆమె కొట్టింది.

ఎదుటి గుట్ట నుంచి దెబ్బ తిరిగి వచ్చింది. ఆమె పక్కనున్నవాడి డప్పు దానంతటదే బిగిసింది. అతని పక్కవాడు జరిగి దగ్గరికొచ్చాడు, ఇంకొకడూ అంతే. ఎంత దగ్గరుంటే అంత పలుకుతోంది. చూస్తుండగానే మేళమంతా ఆమె చుట్టూ గుండ్రంగా చేరింది. పెంటయ్య ఒట్టి చేతులతో షామియానా అంచున నిలబడిపోయాడు. నీళ్లు అతని తలమీదే కారుతున్నాయి.

కొట్టడం అయ్యాక విశ్వేశ్వరరావు దండ తెచ్చి, "పెంటయ్యగారి మేళం అదరగొట్టిందండీ!" అంటూ పెంటయ్య మెడలోనే వేశాడు. సీతాబాయి డప్పు దించి తుడిచింది.

ఇంటికొచ్చాక పెంటయ్య దండ తీసి మేకుకు తగిలించాడు. మళ్లీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, ఆమె చేట మీద పెట్టాడు. అన్నం తిని అటు తిరిగి పడుకున్నాడు. ఇక చేట కూడా ముట్టనివ్వడేమో అనుకుంది ఆమె.

మర్నాడు ఎటో పోయి, గుండ్రంగా చేసిన వేపచెక్క చట్రం ఒకటి పట్టుకొచ్చాడు.

"జర నిలబడు," అని ఆమె భుజం నుంచి నడుము దాకా ఆనించి చూశాడు. "నా దానికన్నా చిన్నగుండాలె నీకు. తోలు రేపు తెస్త."

అరుగు మీద కూర్చుని చెక్క అంచు చెక్కడం మొదలుపెట్టాడు. సీతాబాయి వంగి, తోలు లేని ఆ చెక్క మీద వేలితో ఒక దెబ్బ కొట్టింది.

రెండో దెబ్బకు పెంటయ్య తలెత్తలేదు.