మూడో చరణం

పాటలంటే నాకు పడదు. ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా అరిచిన వాడికి, ముసలితనంలో చెవులకు కావలసింది పాట కాదు, కాస్త నెమ్మది. రామన్నపేట మండలంలోని మా ఊళ్ళో, పాత పంచాయతీ ఆఫీసు గదిలో వృద్ధుల కేంద్రం పెట్టినప్పుడు నేను చేరింది రెండే కారణాలకు: అక్కడ కూలరుంది, నాలుగింటికి చాయ్ ఇస్తారు. ఇందులో దాచుకోవడానికేం లేదు. మిగతావాళ్ళు కూడా అందుకే వస్తారు, పైకి మాత్రం కాలక్షేపం అంటారు.

అలాంటి చోటికి రెండేళ్ళ కింద ఏప్రిల్‌లో సుక్కమ్మ మనవరాలు మెర్సీ వచ్చి, మమ్మల్నందరినీ పాడమంది.

మెర్సీ నర్సు చదువు చదివింది. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమంలో కొలువు కోసం హైదరాబాద్‌లో ఎనిమిది నెలలు ఆ భాష కూడా నేర్చుకుంది. అక్కడ రోజూ అన్నానికి ముందు ముసలివాళ్ళంతా కలిసి పాడతారట. పాడితే గొంతు కదులుతుంది, ముద్ద పొలమారకుండా దిగుతుంది. పాడించడం రాని నర్సు వాళ్ళకు అక్కర్లేదు. అందుకని ఒక వీడియో అడిగారు: కనీసం పదిమంది పెద్దవాళ్ళు, ఏ భాషలోనైనా సరే, ఒక పాటను మొదటినుంచి చివరిదాకా పాడాలి. మే నెలాఖరు గడువు. అంతకుముందే ఇంకో ఆశ్రమం వాళ్ళు ఆమెను వద్దన్నారు. ఇది కూడా పోతే మళ్ళీ ఏడాదిదాకా పిలుపు రాదు.

ఏ పాటైనా సరే అన్నారు. మా ఊరి సంగతి వాళ్ళకేం తెలుసు!

మొదటి రోజు పటేలింటి హనుమమ్మ భజన ఎత్తుకుంది. ఇస్రాయేలు కండువా దులిపి భుజాన వేసుకొని బయటికి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. మర్నాడు ఇస్రాయేలు క్రీస్తు కీర్తన అందుకున్నాడు. హనుమమ్మ, ఆమెకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ పాటంతా అయ్యేదాకా గోడ మీది బల్లిని చూశారు. సినిమా పాటలంటే ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు. నాకు విసుగొచ్చి, వరి నాటేటప్పుడు పాడే నాటు పాటలన్నా పాడి చావండి అన్నాను.

"అవ్, గవే పాడున్రి," అంది హనుమమ్మ మురిసిపోతూ. "మా మడికట్ల సుక్కి అందుకుంటే ఊరంత ఇనపడుతుండె."

సుక్కమ్మ తల కూడా తిప్పలేదు. "గప్పుడు నడుము నొప్పి తెల్వొద్దని పాడిన. గిప్పుడు కుర్సీల కూసున్న గద, నొప్పేడిది?"

నాటు పాటల కథ అక్కడితో ముగిసింది. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగింది. ఉన్నది పదకొండు మందిమి, ఒక్క పాట మీద నలుగురం కుదరలేదు.

ఇక గత్యంతరం లేక మెర్సీ తన సంచిలోంచి ఒక జిరాక్సు పుస్తకం తీసింది. జపాన్ ముసలివాళ్ళు చిన్నప్పుడు పాడుకున్న వేసవి పాటలట. ఎండాకాలం మీద పాటలేమిటి, నా తలకాయ! మా దగ్గర ఎండాకాలాన్ని పాడరు, తిట్టుకుంటూ గడుపుతారు. కానీ ఆ పిల్ల మెల్లగా చప్పట్లు కొడుతూ ఒక్కో ముక్కా అందిస్తుంటే మూడో రోజుకల్లా గది గదంతా పాడింది. ఇస్రాయేలు కుర్చీ చేతి మీద తాళం వేశాడు. హనుమమ్మ రాగం తీసింది. ఏళ్ళుగా మూత పెట్టుకున్న సుక్కమ్మ గొంతు అందరినీ దాటి పైకి పోయింది. కారణం నాకు తర్వాత తట్టింది. ఆ పాటలో మా దేవుళ్ళు లేరు, మా గట్లు లేవు, ఒక్క ముక్కకూ మాకు అర్థం తెలియదు. చెప్పుకోకూడదు గానీ, నేను కూడా పెదాలు కదిపాను.

ఆ పాటకు మూడు చరణాలు. నెలన్నర పాడాం. గడువు రోజు సాయంత్రం అందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. చేతులు వణకని వాణ్ణి నేనేనని ఫోను నా చేతికిచ్చారు. అప్పుడు అడిగింది హనుమమ్మ. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అన్నాళ్ళు ఎట్లా ఆగిందో!

"ఇంతకు గీ పాట దేని మీదనే పిల్లా?"

మెర్సీ పాపం చెప్పింది. మొదటి చరణంలో చెట్ల మీద కీచురాళ్ళు అరుస్తాయి. రెండోదాంట్లో మిణుగురులు. మూడోది ఊరి బావి. అమ్మ పొద్దున్నే పుచ్చకాయను బావిలోకి దించి చల్లబరుస్తుంది. మధ్యాహ్నం పిల్లలంతా బావి చుట్టూ చేరి, ఒకే చెంబుతో నీళ్ళు తాగి, పండు పంచుకుంటారు. ముసలితనంలో ఆ చల్లదనం గుర్తొస్తుంది.

"అయ్యో, మా బాయికాడ గట్లనే గదనే!" హనుమమ్మ మొహం విప్పారింది. "ఎండకాలమొస్తె పోరగాండ్లం అందరం గాడనే ఉంటుంటిమి. ఏం సల్లటి నీళ్ళు! యాదికున్నయా సుక్కీ?"

"అందరం అంటె ఎవరు పటేలమ్మా?"

హనుమమ్మకు అర్థం కాలేదు. నటించడం కాదు, నిజంగానే కాలేదు. "గదేంది, నువ్వు గూడ ఉంటివి గద. దూపైతాందంటె నేనే పోసిన గదనే నీకు."

"పోసినవు. నేను దోసిలి పడితే పైకెళ్ళి పోసినవు. సెంబు నాకు తాకొద్దని గింత ఎత్తు పట్టుకొని పోసినవు. సగం నీళ్ళు మోసేతులెంబడి కారిపోతుండె."

నేను ఫోను వైపు చూసుకుంటూ కూర్చున్నాను. నేనేం తక్కువ తిన్నానా? మా ఇంటి ముందు ఇస్రాయేలు దోసిట్లో నీళ్ళు పోసింది నేనే, పదేళ్ళ వాణ్ణి. అట్లా ఎందుకు పోయాలని ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు. నాకు సిగ్గేసింది, సిగ్గేసినందుకు కోపమూ వచ్చింది.

"ఐదు దాటింది. ఆరింటిలోపల పంపాలె," అంది మెర్సీ.

పాట మొదలైంది. రెండు చరణాలు బాగానే నడిచాయి. మూడోది ఎత్తుకోగానే ఫోను తెర మీద సుక్కమ్మ నోరు మూసుకుంది. మిగతావాళ్ళు పాడుతూనే ఉన్నారు. మెర్సీ కూడా చూసింది. చూడనట్టు ముందుకు పోతే సరిపోయేది. పోలేదు. చప్పట్లు ఆపి చేతులు దించేసింది. పాట అక్కడే ఆగింది.

సుక్కమ్మే మనవరాలి మీద విరుచుకుపడింది. "ఏందే ఆపినవు? నేనొక్కదాన్ని పాడకుంటె ఏమైతది? ఇంతమంది లేరా? గింతదానికి కొలువు పోగొట్టుకుంటవా?"

"నోరు మూసుకున్న ముసలామెను సూడకుంట పాడిచ్చేటందుకైతే నేను గంత దూరం పోవుడెందుకవ్వా?"

ఆ కొలువు మీద ఆమెకెంత ఆశో ఊరందరికీ తెలుసు. నర్సు చదివిన మనవరాలు, విమానమెక్కే మనవరాలు అని దుకాణం దగ్గరా బస్టాండు దగ్గరా చెప్పుకుంటూ తిరిగింది. ఆ ఆశ ఒక పక్క, మూసుకున్న నోరు ఒక పక్క. చివరికి లేచి, తన కుర్చీ తిప్పి హనుమమ్మకు ఎదురుగా వేసుకుంది.

"వీడియో తియ్యి మల్ల. మూడోది పటేలమ్మ ఒక్కతే పాడాలె. సెంబుతోని తాగినోళ్ళు పాడాలె. నేను పాట ఇంట."

"నేనొక్కదాన్నా? నాతోని కాదు," అంది హనుమమ్మ.

"ఎందుకు గాదు? గిప్పటిదాక మంచిగనే చెప్తివి గద."

రెడ్డొచ్చె మొదలాడె అన్నట్టు మళ్ళీ మొదటినుంచి పాడాం. మూడో చరణం దగ్గర అందరం ఆగిపోయాం. హనుమమ్మ ఒక్కతే ఎత్తుకుంది. ఎదురుగా సుక్కమ్మ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, రెప్ప వేయకుండా ఆమె మొహంలోకే చూస్తోంది. నీళ్ళ మాట వచ్చేచోట హనుమమ్మ కళ్ళు దించేసుకుంది. పాట తెగింది.

"ఊఁ, కానియ్," అంది సుక్కమ్మ. మెత్తగా అనలేదు, కోపంగానూ అనలేదు.

హనుమమ్మ కొంగుతో మూతి తుడుచుకొని మిగిలింది చివరిదాకా పాడింది. ఆరుకు పది నిమిషాలుండగా మెర్సీ వీడియో పంపింది. ఆ రోజు చాయ్ ఎవరూ తాగలేదు.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. మెర్సీ చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. కొలువు దొరికింది. ఇస్రాయేలు స్తోత్రం అన్నాడు. హనుమమ్మ యాదగిరి నర్సింహస్వామికి అక్కణ్ణుంచే దండం పెట్టింది. సుక్కమ్మ మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకొని మెటికలు విరిచింది. నాకూ సంతోషమైంది, కాదనను.

"వాళ్ళు ఇంకేమో రాసిన్రు," అని మెర్సీ ఫోనులో చూస్తూ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. అన్నిటికంటే వాళ్ళకు నచ్చింది మూడో చరణమట. ఒకామె పాడుతుంటే ఎదురుగా ఇంకొకామె అంత శ్రద్ధగా వినడం చూసి ఆశ్రమంలో అందరూ కళ్ళు తుడుచుకున్నారట. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే బావి దగ్గర ఆడుకున్న స్నేహితురాళ్ళయి ఉంటారు, మా నమస్కారాలు చెప్పు అని రాశారట.

హనుమమ్మ తల వంచుకొని గాజులు సర్దుకుంటూ కూర్చుంది.

"దానికి నువ్వేం రాసినవే?" అని సుక్కమ్మ అడిగింది.

"ఇంక రాయలే అవ్వా. ఏం రాయాల్నో తెల్వలే."

"రాయి. ఇద్దరు సిన్నప్పటికెళ్ళి ఎరుకే అని రాయి. దోస్తులని మాత్రం రాయకు."

మెర్సీ హనుమమ్మ వైపు చూసింది.

"గట్లనే రాయి బిడ్డా," అంది హనుమమ్మ.