అక్క తరఫున

పొద్దున్నే ఆ ఇంట్లో మొదటి పని, అక్క తాగిన టీ గ్లాసు ఎత్తడం. తమ్ముడు దొర ఒక పక్క, అతని భార్య ఒక పక్క పట్టుకుని బల్ల మీంచి సింకు దాకా మోసేవాళ్ళు. చలికాలం మొదలైనప్పటినుంచీ అక్క కాసేపు చేతిలో పట్టుకున్న వస్తువల్లా బరువెక్కుతోంది. దువ్వెన, చెప్పు, తాళంచెవి. సాయంత్రానికి మళ్ళీ వాటంతటవే మామూలయ్యేవి.

"వదినా, గ్లాసు చేత్తో ఎత్తకండి. బల్ల మీదే ఉంచి వంగి తాగండి," అంది దొర భార్య మెల్లగా. అక్క సరేనంది. ఆ మర్నాటినుంచి సగం గ్లాసే తాగేది.

దొర అన్నది అక్క పెట్టిన పేరే. అమ్మానాన్నా పోయాక అతన్ని పెంచింది ఆమె. పగలొకచోట, సాయంత్రం ఇంకొకచోట బట్టలు కుట్టి తమ్ముణ్ణి ఇంగ్లిషు ట్యూషనుకి పంపింది. నాలుగు వారాలైనా మాస్టారు చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆ తర్వాత దొర ఆ వేళకి వెళ్ళి బస్టాండులో కూర్చుని వచ్చేవాడు. ఇంటికొచ్చి అక్క ముందు గడగడా నోటికొచ్చిందేదో ఇంగ్లిషులా అనేవాడు. అక్క మురిసిపోయి, "మా తమ్ముడు దొరే," అనేది. పేరూ అతుక్కుపోయింది, అబద్ధమూ అతుక్కుపోయింది.

ఈ పరాయి ఊరొచ్చాక దొర ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనిలో చేరాడు. అక్కడ అవసరమైన ఇంగ్లిషంతా ఓ ఇరవై మాటలు. అప్, డౌన్, లెఫ్ట్, రైట్ లాంటివి. మిగతాదంతా నవ్వుతోనూ తలూపుడుతోనూ నెట్టుకొచ్చేవాడు.

అక్క బట్టలు సరిచేసే కొట్లో పనిచేసేది. ఆమె అంచు కుట్టిన కోట్లకి హ్యాంగర్లు విరిగిపోతున్నాయని యజమానురాలు బొత్తాల పనికి మార్చింది. బొత్తాలు జారిపడి నేల సొట్టలు పడడంతో, ఆసుపత్రికి తీసుకెళ్ళమని దొరకి సైగలతో చెప్పింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చాలా ప్రశ్నలే అడిగింది. దొరకి అర్థమైనవి భుజం నొప్పి, నడుం నొప్పి. ఉన్నాయన్నాడు. చివర్లో ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, అక్క మొహంలోకి చూస్తూ, డౌన్‌గా ఉంటోందా అని అడిగింది. ఆ మాట దొరకి బాగా తెలుసు. గోడౌన్‌లో కింది అరని డౌన్ అంటారు. ఇల్లెక్కడని అడుగుతోందనుకున్నాడు.

"నో డౌన్. అప్. థర్డ్ ఫ్లోర్," అన్నాడు ధీమాగా.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి, నవ్వి, ఏదో రాసుకుంది. దొర కూడా నవ్వాడు.

"ఏమందిరా?" అని అడిగింది అక్క.

"అంతా బాగానే ఉందట. నొప్పులకి మాత్రలిచ్చింది."

గోడౌన్‌కి ఎప్పుడో ఒకసారి సరుకు తెచ్చే లారీ డ్రైవరొకడు తెలుగువాడు. ఓ వారం తర్వాత వాడు మాటల్లో, "రెండ్రోజులుగా ఫీలింగ్ డౌన్," అన్నాడు.

"ఏ అరలో?" అన్నాడు దొర.

డ్రైవరు పడీపడీ నవ్వాడు. "మనసు బాగోలేదని బాబూ."

దొర చెవులు వేడెక్కిపోయాయి. పెట్టెల వెనక్కి పోయి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాల్సింది. కానీ పరిగెత్తాలంటే ముందు తనకి ఇంగ్లిషు రాదని ఒప్పుకోవాలి. భార్యకి తెలుస్తుంది. అక్కకి తెలుస్తుంది. రేపు, ఎల్లుండి అంటూ రెండు నెలలు గడిపేశాడు. అక్క తిండి తగ్గించింది. మంచం దిగడం తగ్గించింది. ఆమె కప్పుకున్న దుప్పటి తీయడానికి పక్కింటాయన్ని సాయం పిలవాల్సి వచ్చేది. ఆయన వచ్చి, ఓ చెయ్యి వేసి, తన పనికి తను పోయేవాడు.

ఒక మధ్యాహ్నం అక్క గోడవైపు తిరిగి పడుకునే మాట్లాడింది.

"ఒరేయ్, కళ్ళు మూసుకుంటే ఇంక తెరవకుండా ఉంటే బాగుండనిపిస్తోంది. రోజూ అదే. నా మీద నాకే భయంగా ఉంది. నాకా భాష రాదు. నువ్వు ఆ డాక్టరమ్మకి చెప్పు."

"చెప్తానక్కా," అన్నాడు.

మర్నాడే తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆ మాటల్ని ఇంగ్లిషులో కూర్చుకోవాలని చూశాడు. తలుపు మూయడాన్ని ఏమంటారో తెలుసు. కళ్ళు మూసుకోవడాన్నీ అదే అంటారో లేదో తెలియదు.

నర్సు ఒక కాగితం, పెన్ను ఇచ్చింది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు గళ్ళు. అక్క పక్కనే కూర్చుని చూస్తోంది. దొర చదువుతున్నట్టు పెదాలు కదిపాడు, తల పంకించాడు. పైనుంచి కిందిదాకా మొదటి గడిలోనే టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.

"నేను చెప్పింది రాశావా?"

"రాశానక్కా."

అక్క కాగితం మీద అరచెయ్యి ఆనించింది. "నువ్వు లేకపోతే ఈ ఊళ్ళో నా గతి ఏమయ్యేదిరా," అంది. చాలాసేపు చెయ్యి అలాగే ఉంచింది.

నర్సు వచ్చి కాగితం తీసుకోబోయింది. రాలేదు. రెండో చెయ్యి వేసింది. ఇంకో నర్సుని పిలిచింది. ఇద్దరూ కలిసి లాగితే బల్ల కిర్రుమంది తప్ప కాగితం కదల్లేదు. లోపలికెళ్ళి డాక్టరమ్మని తీసుకొచ్చారు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం ఉన్నచోటే వంగి చదివింది. ఏ బాధా లేదు, ఏ బాధా లేదు అని తొమ్మిదిసార్లు. అక్క చిక్కిపోయిన మొహం చూసింది. తర్వాత దొరని చూసి నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగింది. ఇది నింపిందెవరని.

దొర అలవాటుగా నవ్వబోయాడు. రాలేదు.

"నో ఇంగ్లిష్," అన్నాడు.

ఆమెకా, అన్నట్టు డాక్టరమ్మ అక్కని చూపించింది. దొర తల అడ్డంగా ఊపి, తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు.

తెలుగులో చెప్పడం అంతకన్నా కష్టమైంది. "నాకు రాదక్కా. ఎప్పుడూ రాలేదు. పోయినసారి నువ్వు బాగానే ఉన్నావని చెప్పేశాను. ఇప్పుడూ అదే రాశాను. ట్యూషను కూడా..."

అక్క తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండుననుకున్నాడు దొర.

వాళ్ళని లోపలికి పిలిచి డాక్టరమ్మ బల్ల మీదున్న ఫోనులో ఎవరినో పిలిచింది. అందులోంచి ఒక పెద్దావిడ గొంతు వచ్చింది.

"నమస్కారమమ్మా. డాక్టరుగారు అడిగేది మీకు తెలుగులో చెప్తాను. మీరు చెప్పేది ఉన్నదున్నట్టు ఆవిడకి చెప్తాను. మీవాళ్ళు గదిలో ఉండాలా, వద్దా? మీ ఇష్టం."

అక్క దొర వైపు చూసింది. "నువ్వు బయట కూర్చోరా."

కోపంగా అనలేదు. అందుకే మరీ గట్టిగా తగిలింది.

వరండాలో కూర్చున్నాడు. తలుపు వెనక అక్క గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు గానీ గొంతు ఆగడం లేదు. ఇంట్లో నెలల తరబడి రోజుకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి. ఇన్ని మాటలకి ఇన్నాళ్ళూ తను అడ్డంగా కూర్చున్నాడు. ఒకసారి ఏడుపు వినిపిస్తే లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

చాలాసేపటికి అక్క బయటికొచ్చింది. "మాత్రలు మార్చారు. వారం వారం రమ్మన్నారు. ఆ ఫోను ఆవిడ ప్రతిసారీ ఉంటుందట. కొన్నాళ్ళు నన్ను ఒంటరిగా వదలొద్దన్నారు. మీ ఆవిడకి నేనే చెప్తాలే," అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. కొంతదూరం పోయాక అక్క అడిగింది.

"పదకొండేళ్ళయింది కదరా ఆ గోడౌన్‌లో. మరి అక్కడ ఎవరితో మాట్లాడుతున్నావు?"

దొర ఆలోచించాడు. "ఎవరితోనూ లేదక్కా."

అక్క సంచిలోంచి ఒక కాగితం తీసింది. అవే తొమ్మిది ప్రశ్నలు, తెలుగులో. గళ్ళన్నీ ఖాళీ.

"నాది లోపలే నింపి ఇచ్చేశాను. ఇది నీకోసం అడిగి తెచ్చాను."

దొర దాన్ని రెండు చేతులా అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోలేదని ఎన్ని రోజులు అనిపించింది, అని ఉంది మొదటి ప్రశ్న. తేలిక తెలుగు. అర్థం కాని మాట ఒక్కటీ లేదు. పెన్ను తీసి, రాసేది కనబడకుండా ఎడంచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది.